ముప్పై ఎనిమిది మడులు

విదేశంలో, చోవా చూ కాంగ్ పేటలో పదకొండో అంతస్తు ఫ్లాటు. మార్చి నెల, శనివారం మధ్యాహ్నం. జొన్న పరిశోధకుడు జనార్దనరావు, ఆయన భార్య రాధ, ఆయన ఆఫీసులో గణాంకాలు చూసే నిఖిల.

“ముప్పై ఎనిమిది సార్. ఒకటో రెండో అయితే నేను ఇంత దూరం రాను.”

“ముందు కూర్చోవమ్మా. యీషున్ నుంచి ట్రైన్లో నిలబడే వచ్చి ఉంటావు, ఇక్కడా నిలబడే మాట్లాడతావా?”

“కూసుంట సార్. ముందు ఇది చూడుండ్రి. టాంజానియల మూడు ఊర్లు, నూట పన్నెండు మంది రైతులకు మన జొన్న విత్తనం ఇచ్చినం. రిపోర్టుల డెబ్బై నాలుగు మడులే ఉన్నయ్. మిగిలిన ముప్పై ఎనిమిది ఏడబోయినయ్?”

“పోవడమేంటి? పంట రాని మడి లెక్కలోకి రాదు. నీకు తెలియంది కాదుగా.”

“అన్ని ఒక్క ఊరివే సార్. మ్లోంగా. ఆ ఊరి పేరు గూడ లేదు రిపోర్టుల. మూడు ఊర్లని మొదటి పేజీల రాసినం, లోపల రెండే ఉన్నయ్.”

“రాధా! కాఫీ ఏమైంది?”

“వస్తున్నా. అమ్మాయ్, చక్కెర వేయనా?”

“కొంచెం ఏయండి ఆంటీ. సార్, మీరు జవాబు చెప్పలే.”

“చెప్పాగా. పిట్టలు తినేశాయి. తినేసిన కంకికి తూకమేం వేస్తాం?”

“సున్న అని ఏస్తం.”

“పిట్టలు తింటే విత్తనం తప్పా? ఎలుకలు తింటే? ఏనుగు వచ్చి తొక్కితే? అవన్నీ పంటకి అంటగడతామా?”

“ఏనుగు పాత జొన్నను గూడ తొక్కుతది సార్. పిట్టలు మాత్రం మన పదిహేడో నంబరు జొన్ననే తిన్నయ్. పక్క సాళ్లల్ల వాళ్ల ఎర్రజొన్న ఉంది, దాన్ని ముట్టలే. ఎర్రజొన్న పది బస్తాలొచ్చిన కాడ మనది ఒక్కటి రాలే.”

“ముట్టవు. ఎందుకు ముడతాయి? అది చేదు. పిట్టలూ తినలేవు, మనుషులూ తినలేరు. బూడిద నీళ్లలో నానేసి, కడిగి, ఎండేసి, అప్పుడు దంచుకోవాలి ఆడాళ్లు. నీళ్లు మోసుకొచ్చేదీ వాళ్లే. ఆ చాకిరీ తప్పించాలనే కదా నేను పద్నాలుగేళ్లు ఈ తెల్లజొన్న వెనక తిరిగింది. పదహారు విత్తన లైన్లు పోయాయి. పదిహేడోది నిలబడింది.”

“ఇదుగోనమ్మా కాఫీ. కింద అంతస్తు పుష్పవల్లి గారు ఇచ్చిన మురుకులు, తిను. ఏమండీ, మీరు గట్టిగా మాట్లాడకండి.”

“గట్టిగా ఎక్కడ మాట్లాడాను?”

“వంటింట్లోకి వినపడుతోంది.”

“సారీ ఆంటీ, నాదే తప్పు. ఫోన్ల అడిగితే బాగుండదని ఒచ్చిన. సార్, సోమవారం ఫైలు పోతది. అక్కడి కమిటీ సరే అంటే వచ్చే వానలకు రెండు లక్షల మందికి ఈ విత్తనం. దాని కింద లెక్కలు సరిచూసిన అని నా సంతకం ఉంటది.”

“అదా నీ భయం?”

“అది గూడ. ఈ దేశంల ఉండనిచ్చే నా పాస్ ఈ ఉద్యోగం మీదనే ఉంది. కాని అదొక్కటే గాదు. గురువారం నేను నీమాకు ఫోన్ చేసిన.”

“ఏ నీమా? డొడోమాలో మన మడులు చూసే నీమాకా? ఎవరు చేయమన్నారు?”

“ఎవ్వరు చెయ్యమనలే.”

“నాతో ఒక్క మాట చెప్పాలిగా!”

“చెప్తే వద్దంటుంటిరి.”

“సరే, ఏమంది?”

“మ్లోంగా సంగతి అడిగితే, అంత పిట్టలే, పక్కన తుంగ మడుగు ఉంది, సాయంత్రమైతే లక్షల పిట్టలు ఆడ వాల్తయ్ అన్నది. మరి మిగిలిన రెండు ఊర్ల పంట ఎట్ల దక్కింది అని అడిగిన. పిల్లలు దక్కించిన్రు అన్నది.”

“పిల్లలు అంటే?”

“ఆరు వారాలు మంచెల మీద కూసున్నరట సార్. తెల్లారంగ ఎక్కితే పొద్దు గూకినంక దిగుడు. డబ్బాలు కొట్టుకుంట, మట్టి ఉండలు ఇసురుకుంట. ఆ ఆరు వారాలు బడి లేదు. ఏడో తరగతి పిల్లలకు పరీక్షలు పోయినయ్. ఎర్రజొన్న ఉన్నప్పుడు ఎవ్వరు మంచె ఎక్కలేదట. మన పదిహేడు వచ్చినంకనే.”

“మేమూ ఎక్కాం మంచె. ఒంగోలు పక్కన మా ఊళ్లో వడిసెల తిప్పని కుర్రాడు లేడు. చచ్చిపోయామా? చదువుకోలేదా?”

“మీరు సెలవులల్ల ఎక్కిన్రు సార్. మా అమ్మ మూడో తరగతిల ఎక్కింది. పిట్టల కాలం అయినంక బడికి పోతే పేరు కొట్టేసినం అన్నరు. మళ్ల పోలే. ఇప్పటికి గూడ బ్యాంకుల వేలిముద్రనే.”

“మీ అమ్మగారి సంగతి నాకెప్పుడూ చెప్పలేదే.”

“లెక్కల పనిల ఆ ముచ్చట ఎందుకొస్తది సార్? ఇప్పుడొచ్చింది.”

“అమ్మాయ్, మురుకులు ముట్టుకోనే లేదు నువ్వు.”

“తింట ఆంటీ. సార్, ఇంకొకటి అడగాలె. ఇది అడగడానికే అసలు ఒచ్చిన. మొదట వచ్చిన ఫైలుల నూట పన్నెండు మడులు ఉన్నయ్. తర్వాత ముప్పై ఎనిమిది తీసేసిన్రు. ఎవరు తీసిన్రో, ఎప్పుడు తీసిన్రో సర్వర్ల ఉంటది.”

“సర్వరు దాకా వెళ్లావా?”

“నిరుడు జూలై తొమ్మిది. మీ లాగిన్.”

“అవును. నేనే తీశాను. చెప్పాగా, పిట్టలు తిన్నవి లెక్కేయకూడదని నా అభిప్రాయం. తప్పో ఒప్పో, అది నా నిర్ణయం.”

“ఏ టైముకు తీసిన్రు?”

“ఏమో. గుర్తుంటుందా?”

“పొద్దున పదకొండు పదికి మొదలు. పదకొండు నిమిషాల్ల అయిపోయింది. ఇంటి నెట్ నుంచి.”

“సరే, ఇంట్లోంచే తీశాను.”

“మీరు ఇంట్ల లేరు సార్.”

“ఏమండీ, కాఫీ చల్లారిపోతోంది. అమ్మాయ్, ఆయనకి ఇవన్నీ…”

“ఒక్క నిమిషం ఆంటీ. లీవు రికార్డు చూసిన. నిరుడు జూలై ఏడు నుంచి పదహారు దాక మీరు ఆస్పత్రిల ఉన్నరు. గుండెకు స్టెంట్ ఏసిన్రు. తొమ్మిదో తారీకు ఐసీయూల ఉన్నరు.”

“ఫోన్లోంచి చేసుంటాను.”

“ఐసీయూల ఫోనా సార్?”

“నిఖిలా, నా లాగిన్, నా బాధ్యత. నేనే తీశానని రాసుకో. నీకు సంతకం పెట్టడం ఇష్టం లేకపోతే మానెయ్. నీ పేరు తీసేసి పంపుతాను. నీ పాస్‌కి ఏ ఇబ్బందీ రాకుండా చూస్తాను. ఇక వదిలెయ్.”

“ఎవరిని కాపాడుతున్రు?”

“ఎవర్నీ కాదు.”

“ఆఫీసుల మీ పాస్‌వర్డ్ ఒక్క కౌశల్‌కే తెలుసు. మీరు లేనప్పుడు మెయిళ్లు ఆయననే చూస్తడు. ఆయననా?”

“కౌశల్ పేరు ఎత్తకు! అతనికి ఏ పాపం తెలీదు.”

“మీరు చెప్పకపోతే నేను పై ఆఫీసుకు రాయాలె సార్. రాస్తే వాళ్లు మొదట అడిగేది కౌశల్‌నే. ఆయన ఉద్యోగం పోతది. మొన్ననే బిడ్డ పుట్టింది ఆయనకు.”

“రాస్తే రాయి. నేను చేశానని నేను చెబుతాను.”

“ఐసీయూల ఉండి చేసిన అని చెప్తరా? ఎవరు నమ్ముతరు?”

“కౌశల్ కాదమ్మా.”

“రాధా, నువ్వు లోపలికి వెళ్లు.”

“వెళ్లను. ఎంతకాలం లోపల కూర్చోను? కౌశల్ కాదు నిఖిలా. ఈయనా కాదు. నేను తీశాను.”

“ఆంటీ, మీరా?”

“నేనే.”

“మీకు… మీకు ఆ ఫైలు ఎట్ల తెలుసు?”

“తెలియకపోవడమేంటి? పద్దెనిమిదేళ్లు డొడోమాలో ఆయన అంకెలన్నీ టైపు కొట్టింది నేనేగా. మడిలోంచి కాగితాలు వచ్చేవి, మట్టి అంటుకుని. ఆయన చదివేవారు, నేను కొట్టేదాన్ని. కరెంటు పోతే లాంతరు పెట్టుకునేవాళ్లం. నేను కాపురం చేసింది ఈయనతో కాదమ్మా, ఆ జొన్నతో.”

“రాధా, చాలు.”

“చాలదు. వినాలి ఆ పిల్ల. ఆ రోజు డాక్టరు నన్ను బయటికి పిలిచి, గాభరా పెట్టే మాట ఒక్కటి కూడా చెవిన వేయొద్దన్నాడు. రెండు రోజులైంది నేను ఇంటికొచ్చి. ఒక స్నానం చేసి, ఇంత చారు పెట్టుకుని మళ్లీ వెళ్దామని వచ్చా. ఆయన ల్యాప్‌టాప్ టింగుటింగుమంటోంది. పై ఆఫీసు నుంచి మెయిళ్లు. అంకెలు ఇవాళే కావాలి, ప్రాజెక్టు ఉంచాలా మూసేయాలా రేపు మీటింగు అని. తెరిచి చూద్దును కదా, మ్లోంగా అంతా సున్నాలు. వరసకి వరస సున్నాలు.”

“వాటిని చూసి…”

“చూసి ఏం చేయను? పదహారు లైన్లు పోయినప్పుడు ఈ మనిషి ఎలా ఉన్నారో నేను చూశా. పదకొండోది పోయినప్పుడు నెల్లాళ్లు మాట్లాడలేదు. ఐసీయూలో పడుకున్న మనిషికి పదిహేడోది కూడా పోయిందని చెప్పమంటావా? పిట్టలు తిన్నదాన్ని లెక్కేయకూడదని ఈయనే వందసార్లు అనేవారు. అనేవారా లేదా?”

“అనేవాణ్ణి.”

“అదే తీశా. పంపేశా. ఆస్పత్రికెళ్లి, బాగా పండిందండీ జొన్న, అని చెప్పా. నవ్వారు. మూడు రోజుల్లో మొదటిసారి నవ్వారు.”

“నవ్వాను. అప్పటికి నాకు తెలీదు. ఆగస్టులో చూశాను.”

“ఏం చూశారు?”

“ఫైలు చూశాను రాధా.”

“ఆగస్టులోనా? ఎనిమిది నెలల్నుంచి తెలుసా మీకు?”

“ఊఁ.”

“తెలిసి నాతో ఒక్క మాట అనలేదే!”

“నువ్వూ అనలేదుగా.”

“అప్పుడన్న తిరిగి పెట్టొచ్చు గద సార్.”

“పెట్టొచ్చు. పెడితే ఈమె పేరు బయటికొస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. అలా చెప్పుకోవడం తేలిక. నిజం అది కాదు నిఖిలా. నాకు పదిహేడు బయటికి రావాలి. నాకు అరవై మూడు. డాక్టర్లు విమానం ఎక్కొద్దన్నారు. ఇక నేను అక్కడి మట్టి తొక్కేది లేదు. ఒక్కటంటే ఒక్క జొన్న, నేను చేసింది, ఎవరి పొలంలోనన్నా నిలబడి ఉండాలి. అంతే ఉంది నా బుర్రలో. ఆ ముప్పై ఎనిమిది వరసల్లోకి మళ్లీ తొంగి చూడలేదు. చూస్తే తిరిగి పెట్టాల్సొస్తుందని.”

“ఇప్పుడేం చేద్దాం సార్?”

“ఏం చేస్తాం. సోమవారం ఫైలు వెళ్లదు. నేనే ఆపేస్తున్నానని రాస్తాను. ముప్పై ఎనిమిదీ తిరిగి పెట్టు. పిల్లల సంగతి కూడా రాయి, నీమా చెప్పింది చెప్పినట్టు.”

“ఎవరు తీసిన్రో అది ఎట్ల రాయాలె?”

“నా లాగిన్‌లోంచి తీశారని రాయి. అబద్ధం కాదు.”

“సగం అబద్ధం సార్.”

“తీసింది నేనేగా, నా పేరే రాయమ్మా. ఉద్యోగమా సద్యోగమా, నన్నేం పీకేస్తారు? కౌశల్ మీదికి మాత్రం రాకూడదు.”

“జరిగింది జరిగినట్టు రాస్త ఆంటీ. మీరు తీసిన్రు, సార్ చూసి ఊకున్నరు. అంతకంటె ఒక్క ముక్క ఎక్కువ రాయ.”

“రాయి. పద్దెనిమిదేళ్లలో ఆమె పేరు మన పేపర్లలో ఎక్కడా వేయలేదు. దీంట్లో ఎక్కాల్సొచ్చింది.”

“ఇప్పుడా మాట ఎందుకండీ?”

“ఎప్పుడో అనాల్సిన మాట.”

“సార్, ఒక పని ఉంది మీతోని. ఆ మడులను తిరిగి పెట్టాలంటే అసలు కాగితాలతో సరిచూడాలె. నీమా నిన్న పంపింది, ఫొటోలు. మ్లోంగాల మడుల దగ్గర రాసింది ఆ ఊరి బడి టీచరట. అంకెలు అర్థమైనయ్. పక్కన ఏందో స్వాహిలిల చేతిరాత ఉంది, కంప్యూటర్ గూడ చదవలేకపోయింది.”

“ఇటు తే. రాధా, నా కళ్లజోడు.”

“టీవీ మీద ఉంది. ఇదుగోండి.”

“ఊఁ. ‘పిట్టలు అన్నీ తిన్నాయి.’ ఇదీ అంతే, ‘పిట్టలు అన్నీ తిన్నాయి.’ పాపం, ప్రతి మడికీ ఓపిగ్గా రాశాడు. ‘పిట్టలు అన్నీ…’ ఉండు. ఉండు. దీన్ని కొంచెం పెద్దది చెయ్.”

“ఇంత చాలా సార్?”

“ఇంకొంచెం. ‘మ్వాజుమా మడి. గట్టు పక్కన ఏడు కంకులు పిట్టలు ముట్టలేదు.’ ముట్టలేదు అనే రాశాడా? చూడు రాధా, నీకూ వచ్చుగా.”

“‘ముట్టలేదు’ అనే ఉందండీ.”

“‘కంకి కొత్త జొన్న కంకిలాగే ఉంది. గింజ లేత ఎరుపు. పాల మీద నమిలి చూశాను, చేదు. మ్వాజుమా గింజ దాచింది. పెద్ద సార్ వచ్చి చూడాలి.’ తర్వాత పేజీ తిప్పు. తిప్పమ్మా! ఇదుగో, ఇంకో మడిలో అయిదు. ఇక్కడ నాలుగు. అన్నీ గట్ల పక్కనే. అన్నిచోట్లా చివర అదే మాట, ‘పెద్ద సార్ వచ్చి చూడాలి.’”

“చేదైతే అది వాళ్ల పాత జొన్ననే గద సార్?”

“కాదు కాదు. కంకి మనదే. మొదటి ఏడాది పిట్టలు పెద్దగా పడలేదు, గట్టు అవతల ఎర్రజొన్న ఉంది. దాని పుప్పొడి గాలికొచ్చి మన పదిహేడు మీద పడింది. దాచుకున్న విత్తనం ఎలా నిలుస్తుందో చూద్దామని రెండో ఏడాది వాళ్ల గింజే వాళ్లని వేసుకోమన్నాం. అందులో పుట్టాయి ఇవి. రెంటికీ పుట్టిన పిల్లలు.”

“అయితే ఏమైతది?”

“పిట్టలు ఎప్పుడొస్తాయి? పాలకంకి మీద. గింజ గట్టిపడ్డాక వాటికంత మోజుండదు. పాల మీద చేదుగా ఉండి, పండేసరికి ఆ చేదు విరిగిపోయే జొన్న ఉంటుందమ్మా. చాలా అరుదు. నేను చేద్దామని ఎంత చూసినా పడలేదు. అది గనక దొరికితే పిట్ట ముట్టదు, మనిషి తింటాడు. ఏ పిల్లా మంచె ఎక్కక్కర్లేదు.”

“ఇది అదేనా సార్?”

“తెలీదు. పండిన గింజ ఎవరన్నా నోట్లో వేసుకుంటే గానీ తెలీదు. పండాక కూడా చేదుంటే నువ్వన్నట్టు పాత జొన్నే. దాంతో ఏం లాభం లేదు. కానీ చేదు లేకపోతే… రాధా, ఇప్పుడే అడగాలి, ఇప్పుడే.”

“మీరు ముందు కూర్చోండి. మందు వేసుకున్నారా ఇవాళ?”

“వేసుకున్నాలే. కింద మ్వాజుమా నంబరు కూడా రాశాడు మహానుభావుడు. అక్కడ ఎంతయింది ఇప్పుడు?”

“ఇక్కడ మూడు సార్. ఆడ పొద్దున పది.”

“కలుపు.”

“రింగైతుంది. తీసుకోండి.”

“హబారి జా అసుబుహీ, మామా మ్వాజుమా!”

“ఏమంటున్నరు ఆంటీ?”

“పొద్దున్నే ఎలా ఉన్నావమ్మా అని. తనెవరో చెబుతున్నారు. నవ్వుతున్నారు, గుర్తుపట్టినట్టుంది.”

“కంకుల సంగతి అడిగిన్రా?”

“అక్కడ అలా టక్కున అడగరమ్మా. ముందు పిల్లలెలా ఉన్నారు, మేకలెలా ఉన్నాయి, వానలెలా ఉన్నాయి, అన్నీ అవ్వాలి. వాన మాట దగ్గర ఆగిపోయారు. ఆఁ, ఇప్పుడు అడిగారు. ‘ఎన్ని’ అంటున్నారు.”

“ఏడు గద?”

“అందరివీ కలిపి ఒక్కచోట చేర్చారట కాబోలు. ‘ఇరవై మూడు కంకులా’ అంటున్నారు.”

“ఇరవై మూడా!”

“ష్. ‘కుండలోనా’ అన్నారు. ‘మంచి పని చేశావమ్మా’ అన్నారు.”

“దాచిన్రు ఆంటీ! దాచిన్రు!”

“ఆగు. మాట్లాడటం లేదు ఆయన.”

“సిగ్నల్ పోయిందా?”

“లేదు. వింటున్నారు. ‘ఎప్పుడు’ అన్నారు.”

“ఏం ఎప్పుడు?”

“అటుది నాకు వినపడితేగా. ‘పోలే’ అంటున్నారు.”

“అంటే?”

“ఎవరికన్నా కష్టమొస్తే అక్కడ అంటారు, అయ్యో అని. మళ్లీ అంటున్నారు. ‘పోలే సానా.’ ఏమండీ? ఏమైందండీ? ఫోను పెట్టేశారేం?”

“ఆ టీచరు మన ఆఫీసుకి మెయిలు రాశాడట, వచ్చి చూడమని. మ్లోంగా మా ట్రయల్లో లేదని జవాబొచ్చిందట.”

“ఎప్పుడు సార్?”

“నవంబరులో.”

“…నేనే సార్. చేరిన వారంల. ఎవరో ఏదో ఊరి పేరు రాసి అడిగిన్రు. లిస్టుల చూసిన, లేదు. లేదనే రాసిన. ఆ పేరు గూడ మనసుల పెట్టుకోలే.”

“నువ్వు లిస్టు చూశావు. లిస్టులో తీసేసింది మేం.”

“మరి గింజ ఉంది గద సార్? కుండల ఉంది గద?”

“డిసెంబరులో సగం విత్తారట. వాన రాక మొలకలోనే మాడిపోయింది. మిగతా సగం మన కోసం అట్టే పెట్టారు, పెద్ద సార్ వస్తాడని. పోయిన నెల ఇంట్లో ఇంకేమీ లేకపోయేసరికి దంచి, సంకటి చేసి, పిల్లలకి పెట్టిందట.”

“అంతానా? కుండ అడుగున ఓ నాలుగు గింజలన్న…”

“అడిగాను. లేదంది.”

“ఏమండీ, ఇటు చూడండి. ఏమండీ, నా వైపు చూడండి ఒకసారి.”

“చేదుగా ఉందా అని అడిగాను రాధా. అస్సలు లేదంది. పిల్లలు ఇంకా పెట్టమని ఏడ్చారట.”